మా ఊరి కాల్

ఆరో సీటుకి అసలు పేరొకటి లేకపోలేదు. కాకపోతే ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు బ్యాంకు వాళ్ళూ ఆసుపత్రి వాళ్ళూ తప్ప ఎవరూ మిగల్లేదు. పెళ్ళికి ముందు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఊరికీ ఊరికీ ఫోన్లు కలిపే ట్రంక్ బోర్డు ముందు ఆరో సీట్లో కూర్చున్నందుకు పడిన పేరది. ఆ బోర్డుని పీకి, పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేసి ఏళ్ళూ పూళ్ళూ అయినా పేరు మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. పక్కన ఏడో సీట్లో కూర్చున్న స్నేహితురాలు ఇప్పటికీ రోజూ ఫోన్ చేసి, "ఏమే ఆరూ, ఉన్నావా, పోయావా?" అనే మొదలుపెడుతుంది. పేరుకి ఏడు గానీ ఏడవడం చేతకాని మనిషి ఆవిడ.

అలాంటి ఆరో సీటు ఒకరోజు పొద్దున్నే స్నానాల గదిలో గడియ వేసుకుని తనలో తను నవ్వుకుంది. యాభై దాటిన మనిషి, మెట్లెక్కితే మోకాళ్ళు పట్టుకునే మనిషి, లోపలి బట్ట మీద ఎర్రటి మరక చూసుకుని నవ్వడమేమిటని మీకనిపించొచ్చు. భయపడాల్సిన మాట నిజమే. ఆ భయం తర్వాత తీరిగ్గా వచ్చింది. ముందొచ్చింది మాత్రం నవ్వే.

నలభై దాటాక ఆవిడకి నెలసరి ఇంతా అంతా గొడవ కాదు. వస్తే పోయేది కాదు, పోతే ఒంట్లో ఓపికంతా పట్టుకుపోయేది. మొహం తెల్లగా పాలిపోయి మంచానికి అంటుకుపోతుంటే డాక్టరమ్మ గర్భసంచిలో ఒక లూప్ వేసింది. మామూలు లూప్ కాదు, కొద్దికొద్దిగా హార్మోన్ వదిలే లూప్. దాని పుణ్యమా అని రక్తం తగ్గింది, ఇంకా తగ్గింది, చివరికి ఎప్పుడాగిందో కూడా తెలియకుండా ఆగిపోయింది. ఆరో సీటు హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఇక ఈ జన్మకి ఆ పేజీ తిప్పేశాననుకుంది.

గడువు తీరిందని ఆ మధ్య లూప్ తీసేశారు. తీసేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది, "మీ వయసుకి ఇంక దీంతో పనుండకపోవచ్చమ్మా. తీసిన కొత్తలో నాలుగు చుక్కలు కనబడితే కంగారు పడకండి. ఆ తర్వాత ఎప్పుడు కనబడినా, కొంచెమే కదా అని ఊరుకోకుండా వచ్చి చెప్పండి."

చెప్పినట్టే నాలుగు చుక్కలు కనబడ్డాయి, పోయాయి. ఆ తర్వాత నెలలు గడిచాయి. ఇదిగో, ఇప్పుడిది. డాక్టరమ్మ చెప్పినదాంట్లో "కంగారు పడకండి" అన్నదొక్కటీ ఆరో సీటు జాగ్రత్తగా దాచుకుంది. మిగతా సగం గాలికి పోయింది. తనకి కావలసిన మాట ఉంచుకుని అక్కర్లేనిది వదిలెయ్యడంలో మనుషులందరం పండిపోయినవాళ్ళమే.

నిజం చెప్పాలంటే ఆ మరక చూడగానే ఆవిడకి కలిగింది సంతోషం. చెప్పాపెట్టకుండా ఊరొదిలి పోయిన పాత స్నేహితురాలు మళ్ళీ గుమ్మంలో నిలబడినట్టనిపించింది. ఉన్నన్నాళ్ళూ తిట్టుకుంది. పోయినప్పుడు పోయిందని కూడా చూసుకోలేదు. ఆ ఉద్యోగం, ఆ బోర్డు, ఆ వరసలో కూర్చున్న ఆడపిల్లల నవ్వులూ ఒక్కసారిగా ఆ చిన్న గదిలోకి జొరబడ్డాయి. తలంటు పోసుకుని బయటికొచ్చేసరికి ఆవిడ వయసు సగానికి సగం తగ్గిపోయింది.

మెట్ల మలుపులో గోడకి ఫోన్ ఉంటుంది. సెల్‌ఫోన్లు వచ్చాక ఊరందరూ తీసేయించుకున్నా, ఈ ఇంట్లో మాత్రం ఆ ఫోన్ పోలేదు. పోనివ్వలేదు. ఆరో సీటు నంబరు తిప్పి, అవతల "హలో" అన్నారో లేదో గట్టిగా అరిచింది. అరవక తప్పదు. ఏళ్ళ తరబడి హెడ్‌ఫోన్ పెట్టుకున్న పాపానికి ఏడో సీటుకి చెవులు బాగా మందగించాయి.

"ఒసే ఏడూ! మా ఊరి కాల్ వచ్చిందే!"

అవతలినుంచి వచ్చిన కేక కింద వీధిలోకి కూడా వినబడి ఉంటుంది.

"నిజంగానా? ఈ వయసులోనా? సిగ్గులేని దానా! ఆర్డినరీనా, అర్జెంటా?"

"ఆర్డినరీయేలే!"

"లైట్నింగ్ అయితే చెప్పు, నేనే వచ్చి నీ బోర్డు చూసుకుంటా!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆరో సీటు గోడకి ఆనుకుని కడుపు పట్టుకుంది. కింద కొట్లో వాళ్ళాయన మెకానిక్కు కొడుతున్న సుత్తి చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

ఈ మా ఊరి కాల్ ఏమిటో చెప్పాలంటే ఎక్స్చేంజి సంగతి చెప్పాలి. పొడవాటి హాల్లో ఆడపిల్లలంతా ఎత్తు స్టూళ్ళ మీద వరసగా కూర్చునేవాళ్ళు. ఎదురుగా బోర్డు నిండా చిన్న చిన్న దీపాలు. దీపం వెలిగితే అక్కడ ప్లగ్గు గుచ్చి "ట్రంక్స్" అనాలి. ఏ ఊరు, ఏ నంబరు, ఆర్డినరీనా, అర్జెంటా, లైట్నింగా అని అడిగి చీటీ రాసుకోవాలి. ఆర్డినరీ అయితే పొద్దున బుక్ చేసినది సాయంత్రానికి దొరికితే గొప్ప. అర్జెంటుకి ముందు దారి ఇవ్వాలి. లైట్నింగ్ అంటే ఎవరో పోయారనో, పోబోతున్నారనో అర్థం. దానికి ఏ లైనైనా ఖాళీ చేసి ఇవ్వాల్సిందే.

సీటు వదిలి లేవాలంటే వెనకాల బల్ల దగ్గర కూర్చున్న సూపర్వైజరు తల ఊపాలి. ఆయన మగాయన, అందులోనూ కారణం చెప్పందే తల ఊపని రకం. ఆడపిల్లలు అలాంటి కారణం నలుగురిలో ఎలా చెబుతారు? సొంత కాల్ వస్తే మాత్రం బోర్డు దగ్గర మాట్లాడకూడదనీ, వెనక విశ్రాంతి గదిలో ఫోన్ దగ్గరికి వెళ్ళి మాట్లాడుకోవాలనీ రూలుండేది. ఆ రూలు పట్టుకుని ఏడో సీటు ఉపాయం కనిపెట్టింది. ఒకరోజు లేచి, "సార్, మా ఊరి కాల్ వచ్చింది" అంది. ఆయన తల ఊపాడు. అంతే, ఆ రోజునుంచి వరసలో అందరికీ నెలకోసారి వాళ్ళ ఊళ్ళనుంచి కాల్స్ రావడం మొదలైంది. ఎలా వచ్చిందో పక్క సీటుకి తెలియడానికి ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగూ ఉండనే ఉన్నాయి. లైట్నింగ్ అందంటే పక్క సీటు తన తీగలతో పాటు ఆమె తీగలు కూడా చూసుకోవాలి.

కొన్నాళ్ళకి పాపం ఆ సూపర్వైజరుకి జాలేసింది. ఏడో సీటుని పిలిచి, "ఏమ్మా, ప్రతి నెలా ఊరినుంచి కాల్ వస్తోంది, ఇంట్లో అంతా కులాసాయేనా?" అని అడిగాడు. ఏడో సీటు తడుముకోకుండా, "కులాసాయే సార్. రాకపోతేనే కంగారు" అంది. వరసలో ఉన్న వాళ్ళంతా నవ్వు ఆపుకోలేక బోర్డుల్లోకి తలలు దూర్చేశారు. ఎవరి కాల్ ఎవరికి కలిపారో ఆ పూట దేవుడికే తెలియాలి.

మెకానిక్కు అప్పట్లో ఆ హాల్లోనే తిరిగేవాడు. తీగలు తెగితే అతికేవాడు, దీపాలు మాడితే మార్చేవాడు. మాట్లాడేముందు ఓసారి దగ్గి, చాలాసార్లు దగ్గుతోనే సరిపెట్టేసే మనిషి. ఆడపిల్లల వంక కన్నెత్తి చూసేవాడు కాదు. కాకపోతే ఉన్నట్టుండి ఆరో సీటు దగ్గరికొచ్చి, "ఈ స్టూలు కాలు వదులైందండీ" అని దగ్గి, ఆ స్టూలు పట్టుకుపోయి, రికార్డు గదిలో ఉన్న ఏకైక వీపు కుర్చీ తెచ్చి వేసేవాడు. ఒకట్రెండు రోజులయ్యాక స్టూలు తిరిగొచ్చేది. ఇంత శ్రద్ధగా స్టూళ్ళు బాగుచేసేవాడు ఇల్లు కూడా బాగానే చూసుకుంటాడని ఆరో సీటుకి అనిపించింది. ఆ లెక్కలోనే పెళ్ళయింది. లెక్క తప్పలేదు కూడా.

ఎక్స్చేంజిలో చేరిన మొదటిరోజునే ఎవరికైనా ఒక పాఠం చెప్పేవాళ్ళు. "చెవులు డిపార్టుమెంటువి, నోళ్ళు మీవి. ఆ రెండింటికీ కనెక్షన్ ఇవ్వొద్దు" అనేవాడు సూపర్వైజరు. లైన్లో ఎవరు ఏడ్చినా, ఎవరు ఎవర్ని తిట్టుకున్నా, ఏ రహస్యం చెవిన పడినా, విన్నది లైన్లోనే వదిలెయ్యాలి. విన్నట్టు మొహంలో కూడా తెలియకూడదు. ఆపరేటర్ల కంటే ఆ పాఠం మెకానిక్కుకే బాగా ఒంటబట్టింది. మనుషులు కలిపే బోర్డులు పోయి వాటంతటవే కలిపే యంత్రాలు వచ్చాక, ఇద్దరూ ఉద్యోగాలు వదిలేసి ఇంటి కింద గదిలో ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే కొట్టు పెట్టుకున్నారు. కౌంటరు దగ్గర ఆవిడ స్టూలు, లోపల ఆయన బల్ల. ఇంటికీ కొట్టుకీ మధ్య ఎక్స్చేంజి పాత సామానుతో ఆయనే ఒక ఇంటర్‌కం తయారుచేశాడు. అన్నం చల్లారిపోతోందని చెప్పడానికి తప్ప దాన్ని వాడింది లేదు.

మరక చూసిన సంతోషం వారం నిలిచింది. ఆగాల్సినది ఆగలేదు. ఓ రోజు తగ్గినట్టే తగ్గి, మర్నాడు గడ్డలు గడ్డలుగా పడింది. కౌంటరు మీద చెయ్యి ఆన్చి నిలబడితే గది గిర్రున తిరిగింది. ఆవిడ అప్పుడు డాక్టరమ్మ మాటలో రెండో సగం వెతుక్కుంది. దొరికింది. దొరికాక నిద్ర కరువైంది.

ఈసారి ఫోన్లో ఆవిడ గొంతు పైకి లేవలేదు.

"ఏడూ, మా ఊరి కాల్ ఇంకా కట్ కాలేదే."

"ఏమిటీ?"

"కట్ కాలేదే! అర్జెంటయింది!"

ఏడో సీటు నవ్వలేదు. ఆవిడ నవ్వకపోయేసరికి ఆరో సీటుకి రక్తాన్ని చూసినప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

"రేపే డాక్టర్ దగ్గరికి వెళ్ళు. బావగారికి చెప్పావా?"

"ఆయనకా? చంపుతావా ఏమిటే. ఆసుపత్రి గేటు చూస్తేనే ఆయనకి ముచ్చెమటలు పోస్తాయి. నాకు లూప్ వేసినరోజు బయట కూర్చున్న మనిషికి గ్లూకోజు నీళ్ళు తాగించాల్సొచ్చింది. ముందు ఏమిటో తేలనీ, తర్వాత చెప్తా."

"తేలాలంటే వెళ్ళాలిగా?"

"వెళ్తాలే."

వెళ్ళలేదు. రేపు కొట్లో పనుందనుకుంది, ఎల్లుండి వాన అనుకుంది. వెళ్తే ఆ డాక్టరమ్మ నోటివెంట ఏ మాట వస్తుందో ఆవిడకి తెలుసు. ఆ మాట వినేదాకా ఇది మా ఊరి కాలే. విన్నాక ఇంకేదో అవుతుంది. ఉన్నన్నాళ్ళు ముద్దుపేరుతోనే ఉండనిద్దామనుకుంది. అది పిచ్చి అని ఆవిడకీ తెలుసు. తెలిసి చేసేదానికి మందు లేదు.

ఒక పొద్దున కొట్లోకి దిగేసరికి కౌంటరు దగ్గర ఆవిడ స్టూలు లేదు. దాని చోట వీపుకి ఆనుకునే కుర్చీ, దానిమీద మడత పెట్టిన దుప్పటి.

"నా స్టూలేదండీ?"

మెకానిక్కు మిక్సీ లోపలికి తల దూర్చి ఉన్నాడు. తల తియ్యకుండానే దగ్గాడు.

"కాలు వదులైంది."

"నిన్న బాగానే ఉందే?"

"వదులైంది." మళ్ళీ దగ్గు.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. నడుము ఆనుకోగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇలాంటి పనులు ఆయనకి మామూలే కదా అనుకుని వచ్చిన వాళ్ళతో బేరాల్లో పడింది. మధ్యాహ్నం పాత వైరు కోసం వెనక గదిలోకి వెళితే అక్కడ గోడ వారగా స్టూలు కనబడింది. ఆవిడ దాన్ని చేత్తో అటూ ఇటూ ఊపింది. ఊగలేదు. దానిమీద కూర్చుంది. నాలుగు కాళ్ళూ నేలకి అంటుకుని నిక్షేపంగా ఉన్నాయి. ఏ మరా వదులు కాలేదు.

ఆరో సీటు అక్కడే, ఆ దుమ్ములో, ఆ స్టూలు మీద చాలాసేపు కూర్చుండిపోయింది.

ఎక్స్చేంజి హాల్లో తన స్టూలు కాలు ఎప్పుడెప్పుడు వదులయ్యేదో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. పాత క్యాలెండరు కాగితాలు తిప్పినట్టు నెలలు తిప్పింది. ఏ నెలా తప్పలేదు. ఆ హాలంతటికీ వీపు కుర్చీ ఒక్కటే, అది వచ్చింది తన దగ్గరికే. ఒకసారి ఏడో సీటు ఉడుక్కుని, "మా స్టూళ్ళకి కాళ్ళే లేవా మెకానిక్ గారూ?" అనడం, ఆయన దగ్గలేక దగ్గలేక దగ్గడం కూడా గుర్తొచ్చింది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. పిచ్చిమొద్దుని, ఇన్నేళ్ళూ నేను ఈయన్ని స్టూళ్ళు బాగుచేసేవాడనే అనుకున్నానా అనుకుంది. ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. మెట్ల మలుపులో నేను అరిచిన అరుపులన్నీ ఈయన విన్నాడు. ఆర్డినరీ విన్నాడు. అర్జెంటు కూడా విన్నాడు.

ఎదురుగా నిలబడి అడిగే ధైర్యం చాలలేదు. పైకి వెళ్ళి మెట్ల మలుపులో ఉన్న ఇంటర్‌కం ఎత్తింది. కింద గంట మోగింది.

"ఆఁ" అన్నాడు ఆయన.

"స్టూలు కాలు వదులవలేదు."

కింద ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం ఇంటర్‌కంలో వినబడుతోంది.

"అప్పుడు కూడా వదులయ్యేది కాదు, కదూ?"

ఫ్యాను చప్పుడు ఆగింది. తర్వాత ఆయన గొంతు వచ్చింది. దగ్గకుండా వచ్చింది.

"ఇప్పుడు అర్జెంటా, లైట్నింగా?"

ఆరో సీటు రిసీవరు చెవికి పెట్టుకునే గోడకి ఆనుకుని భోరుమంది. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినబడింది. మోకాళ్ళు బాగున్న రోజుల్లో కూడా ఆయన అంత తొందరగా ఆ మెట్లెక్కలేదు.

ఇద్దరూ మెట్ల మలుపులోనే కూర్చున్నారు.

"తెలిసి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదండీ?"

"నాతో అన్న మాట కాదుగా. ఫోన్లో అన్నావు." ఆయన చేతులకున్న గ్రీజు బట్టతో తుడుచుకున్నాడు. అవి శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. "నువ్వే చెబుతావని చూశాను. రోజూ కొట్టు కట్టేటప్పుడు ఇవాళ చెబుతుందిలే అనుకునేవాణ్ణి."

"మీరు భయపడతారని నేను చెప్పలేదు."

"భయమే. ఎందుకుండదు?" అన్నాడాయన. "మా పెద్దక్క సంగతి నీకు ఎప్పుడైనా చెప్పానా?" అన్నాడు.

పెద్దక్క ఉండేదనీ, తల్లి లేని ఈయన్ని ఎత్తుకుని పెంచిందనీ, మధ్య వయసులోనే పోయిందనీ తెలుసు. ఎలా పోయిందో ఆరో సీటుకి తెలియదు. అడిగినప్పుడల్లా "ఒంట్లో బాగోక" అనేవాడు.

"ఆ గది తలుపు వేసే ఉండేది. అత్తయ్యలూ పిన్నులూ బకెట్లు పట్టుకుని వచ్చేవాళ్ళు, వెళ్ళేవాళ్ళు. ఏమైందని అడిగితే ఆడవాళ్ళ సంగతి నీకెందుకురా, వెళ్ళి ఆడుకో అనేవాళ్ళు. ఆడుకునే వయసు దాటిపోయింది నాకప్పటికి. గుమ్మం బయట అరుగు మీద కూర్చునేవాణ్ణి. లోపల్నించి అక్క, తమ్ముడు అన్నం తిన్నాడా అని అడిగేది, అది వినబడేది. అక్కకి ఏమైందో నాకు ఇప్పటికీ తెలీదు." ఆయన బట్టని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు కూడా నన్ను బయటే కూర్చోబెట్టకు."

ఆరో సీటు ఆయన భుజం మీద తల పెట్టింది. దాని అసలు పేరు ఎప్పుడూ ఆవిడ నోటివెంట రాలేదు. అమ్మ దగ్గర కూడా వేరే వేరే పేర్లే వాడింది. ఇప్పుడు వచ్చింది.

"రక్తం పోతోందండీ. బాగా పోతోంది. ఆగట్లేదు. నాకు భయంగా ఉంది."

"పద" అన్నాడాయన.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు కోప్పడింది. వెంటనే రమ్మన్నాను కదమ్మా అంది. స్కానింగ్ చేయించి, గర్భసంచి లోపలి పొర మందంగా ఉందనీ, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిస్తాననీ చెప్పింది. ఎందుకు పంపిస్తారో దాచలేదు. ఈ వయసులో ఇలా పోతే ఎక్కువమందికి ఏమీ ఉండదమ్మా, కానీ క్యాన్సర్ కాదని తేల్చుకోకుండా ఊరుకోకూడదు అంది. ముక్క తీసేటప్పుడు మెకానిక్కు అలవాటు ప్రకారం బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరూ గ్లూకోజు నీళ్ళు తాగించాల్సిన అవసరం మాత్రం రాలేదు.

రిపోర్టు వచ్చేదాకా ఆ ఇంట్లో ఒక వింత జరిగింది. దగ్గుతో సంసారం నడిపిన మనిషి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎక్స్చేంజి ముచ్చట్లు ఆవిడకి తెలియనివి ఆయన దగ్గర మూటలు మూటలుగా ఉన్నాయి. మా ఊరి కాల్ అంటే ఏమిటో మెకానిక్కులందరికీ తెలుసట. టీ పట్టుకొచ్చే ఆయనకి కూడా తెలుసట. ఎవరూ పైకి అనకూడదని తమలో తాము ఒట్టు పెట్టుకున్నారట.

"సూపర్వైజరుకో?" అందావిడ నోరు తెరిచి.

"ఆయనకి నలుగురు కూతుళ్ళు. తెలీకుండా ఎలా ఉంటుంది?"

"మరి ఇంట్లో అంతా కులాసాయేనా అని ఎందుకడిగాడు?"

"ఏడో సీటు ఏం చెబుతుందో విందామని."

ఆరో సీటు నవ్వీ నవ్వీ ఏడ్చింది. మేము రహస్యం దాస్తున్నామనుకున్నాం, వాళ్ళంతా కలిసి మా రహస్యాన్ని మా దగ్గరే దాచారన్నమాట అంది. ఆ రోజుల మీద ఆవిడకి ఎప్పుడూ లేనంత ప్రేమ పొంగింది. ఆ ప్రేమలోనే చిన్న ముల్లు కూడా ఉంది. అంత మర్యాదగా అందరూ విననట్టు ఉంటే, నిజంగా ఎవరికైనా ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరు వింటారని ఆవిడకి తోచింది. ఆ మాట పైకి అనలేదు. ఆయన చెయ్యి పట్టుకుంది.

రిపోర్టు రోజున నర్సు తలుపు దగ్గర, "పేషెంటు ఒక్కరే రండి" అంది. మెకానిక్కు అప్పటికే బెంచీ మీద సగం కూర్చున్నాడు.

"ఆయన కూడా వస్తారు" అంది ఆరో సీటు.

"లోపల లేడీస్ డాక్టరండీ."

"నాకు తెలుసు. ఆయన కూడా వస్తారు."

డాక్టరమ్మ కాగితం చూసి, కళ్ళజోడు తీసి, ముందు నవ్వింది. ఆ నవ్వుతోనే సగం ప్రాణం నిలబడింది.

"క్యాన్సర్ లేదమ్మా. చెడ్డ కణాలేమీ లేవు. అసలు సంగతేమిటంటే మీకు నెలసరి ఆగనే లేదు. లూప్ ఉన్నన్నాళ్ళూ బయటికి కనబడలేదంతే. ఇప్పుడది లేదు కాబట్టి మళ్ళీ కనబడింది. ఈ వయసులో ఒక నెల వచ్చి రెండు నెలలు రాదు, అప్పుడు పొర పేరుకుని ఒక్కసారిగా ఇలా పోతుంది. మందులిస్తాను, తగ్గుతుంది. ఏడాదిపాటు అసలేమీ కనబడకపోతే అప్పుడు నిజంగా ఆగినట్టు. ఆ తర్వాత ఒక్క చుక్క కనబడినా మళ్ళీ రావాలి. ఈసారి ఆలస్యం చెయ్యకండి."

ఆరో సీటు చేతులు జోడించింది. లేవబోతుంటే మెకానిక్కు కదల్లేదు. దగ్గాడు.

"అమ్మా, ఒక్క మాట. మా పెద్దక్కకి కూడా ఇలాగే... ఇంచుమించు ఈ వయసులోనే. అప్పుడెవరైనా చూపించి ఉంటే బతికేదాండీ?"

డాక్టరమ్మ చేతిలో కాగితం పక్కన పెట్టింది. ఆవిడది ఆయనకి కూతురంత వయసు.

"చూడకుండా నేను చెప్పలేనండీ. ఆవిడది ఏమిటో నాకు తెలీదు. ఇది మాత్రం చూశాం కాబట్టి తెలిసింది."

"అంతేనమ్మా. చూడలేదు" అన్నాడాయన. "ఎవరూ చూడలేదు."

అని అక్కడే, ఆ కుర్చీలోనే, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తన గురించి వినడానికి వచ్చిన ఆరో సీటు, ఎప్పుడో పోయిన, తను ఎన్నడూ చూడని ఆడబిడ్డ కోసం ఆయన పక్కన నిలబడి వీపు నిమిరింది. నర్సు తలుపు తీయబోయి, మళ్ళీ మెల్లగా దగ్గరికి వేసింది. డాక్టరమ్మ తర్వాతి పేషెంటుని పిలవమనలేదు.

బయటికొచ్చేసరికి హాలు నిండా జనం. ఆరో సీటు సంచిలో సెల్‌ఫోన్ మోగింది. ఏడో సీటే. ఆవిడ ఎత్తేలోపు ఆయనే లాక్కున్నాడు.

"ఏమ్మా! నేను! క్యాన్సర్ కాదట! ఆఁ? కాదట! నెలసరట! నెలసరి! మా ఆవిడకి నెలసరి ఇంకా ఆగలేదటమ్మా!"

హాలంతా తలలు తిప్పింది. అటెండరు చేతిలో ఫైళ్ళతో అలాగే నిలబడిపోయాడు. ఒకాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మెకానిక్కు మాత్రం అక్కడ ఎవరూ లేనట్టు, కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ మొదట్నించీ చెబుతున్నాడు, ప్రతి మాటా దాని అసలు పేరుతోనే. ఆరో సీటుకి చెవులు వేడెక్కాయి. ఆపుదామని చెయ్యి ఎత్తి, దించేసింది.

పక్క బెంచీ మీద ఒక పెద్దావిడ ఒళ్ళో సంచి గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంది. జుట్టంతా నెరిసిపోయింది. మోకాలి నొప్పికి వచ్చాననో మరోదానికి వచ్చాననో చెప్పే రకంలా ఉంది. ఆవిడ అటూ ఇటూ చూసి, ఆరో సీటు వైపు కొంచెం వంగింది.

"ఏమ్మా, మీకు ఎన్నాళ్ళనుంచి పోతోంది?" అంది, పెదవులు కదిలీ కదలకుండా. "నాకు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. మొన్నటినుంచి మళ్ళీ... మా వాళ్ళెవరికీ చెప్పలేదు."

ఆరో సీటు ఆవిడ పక్కన కూర్చుంది.

"నాకు చెప్పండి, వింటాను" అంది. "తర్వాత ఇద్దరం కలిసి లోపలికి వెళ్దాం."